కిరణాల తుపాకీకి తాతాజీ గారి షరతులు

కిరణాల తుపాకీ అన్న మాట వినబడితే చాలు, అది ఉత్తుత్తి ఆటలో తుపాకీ అయినా సరే, కొత్తపేట తాతాజీ గారు గదిలో ఉన్నవాళ్ళందరినీ లేపి గోడ వెనక్కి తోలేస్తారు.

ఆట ఆదివారాలు పాచికలతో ఆడేది. తాతాజీ గారు కథ నడుపుతారు. కొబ్బరి రైతు కామరాజు గారు అందులో గ్రహాల మధ్య తిరిగే ఓడకి కెప్టెను, ఆయన కూతురు పద్మశ్రీ ఓడలో డాక్టరు. ఆట పుస్తకం కొనితెచ్చింది పద్మశ్రీయే. అందులో తుపాకుల సంగతి చదివి, నలభై ఏళ్ళు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి రిటైరైన తాతాజీ గారు నెత్తి కొట్టుకున్నారు.

"రాసినవాడికి బుద్ధుందాండీ? ఇన్నేసి కిరణాలు పేలితే పక్కనున్నవాళ్ళ గతేం కాను?"

ఇక ఆయనే అరవై పేజీల షరతులు రాశారు. ఒక్క దొంగని కాల్చిన పాపానికి ఆటలో కెప్టెనుకి జుట్టూడింది, పళ్ళు కదిలాయి, మూడు ఆదివారాలు మంచం దిగలేదు.

"పోనీ కత్తితో పొడవనాండీ?" అని కామరాజు గారు బతిమాలుకున్నారు.

"శుభ్రంగా పొడవండి. కత్తికి కిరణాలుండవు."

ఆ ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆట బిగుసుకుపోయింది. శత్రువుల ఓడ మీదికొస్తోంది. కామరాజు గారు పాచిక గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నారు. వెయ్యరు, కింద పెట్టరు.

"కాల్చండి నాన్నగారూ" అంది పద్మశ్రీ.

"నావల్ల కాదమ్మా."

"ఇక్కడి సంగతా, కాకినాడ సంగతా?"

కాకినాడ సంగతే. కామరాజు గారి గొంతులో చిన్న గడ్డ. మొదట్లోనే పట్టుకున్నారు కాబట్టి ముప్ఫై రోజులు కరెంటు పెడితే, అంటే కిరణాల వైద్యం చేస్తే, నయమైపోతుందన్నారు కాకినాడ డాక్టరు గారు. రేపే మొదటిది. ఈయన రానంటున్నారు.

"అంతా మీ పుణ్యమే మావయ్యగారూ!" పద్మశ్రీ తాతాజీ గారి మీదికి తిరిగింది. "కిరణమంటే చావేనని రెండేళ్ళబట్టీ నూరిపోసేరు. ఇప్పుడు చూడండి!"

"ఒక్క తుపాకీకే జుట్టూడిపోయిందే, ముప్ఫైసార్లంటే నేను మిగుల్తానా?" అన్నారు కామరాజు గారు. మనిషి నిజంగానే హడలిపోయి ఉన్నారు.

తాతాజీ గారి మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. అరవై పేజీల షరతులూ మూసి పక్కన పెట్టారు.

"చంటిపిల్లలు ఎక్స్‌రేకి కదిలిపోతారండీ. కదిలితే మళ్ళీ తియ్యాలి, పిల్లకి రెండో మోతాదు. అంచేత తల్లుల్ని బయటికి పంపేసి, మీట అసిస్టెంటుకి అప్పజెప్పి, పిల్లల్ని నేనే పట్టుకునేవాణ్ణి. కిరణాలాపే సీసం కోటు ఒక్కటే ఉండేది. అది పిల్లల మీద కప్పేవాణ్ణి."

"మరి మీకో?"

"నాకేవిటండీ, భయపడుతూ బతికేసేను."

ముప్ఫై ఏళ్ళ స్నేహంలో కామరాజు గారు ఈ ముక్క వినలేదు. ఊరందరినీ గోడ వెనక్కి తోలే మనిషి, తను మాత్రం ఇవతలే నిలబడ్డాడన్నమాట.

"తుపాకీ ఎవడికి తగులుద్దో తెలీదండీ. కాకినాడలో గడ్డ ఎంతుందో కొలిచి, అంతమేరకే పెడతారు. గొంతు మండుద్ది, తిండి సయించదు, తగ్గిపోద్ది. లేనిపోని భయం పెట్టింది నేనే. తప్పు నాదేనండీ."

"అయితే మీరొస్తారా?"

"ఆయ్! ముప్ఫై రోజులూ వస్తానండీ."

శత్రువుల ఓడ సంగతి ఎవరికీ గుర్తులేదు.

మర్నాడు కాకినాడలో తాతాజీ గారు మిషను చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశారు. మోతాదెంత, కొలిచిందెవరు, మళ్ళీ సరిచూసిందెవరు అని అక్కడి అమ్మాయి ప్రాణం తోడేశారు. అందరూ బయటికి వెళ్ళాలంటే ఈయన కదల్లేదు.

"నేనుంటానమ్మా. ఆయన భయపడతారు."

"ఎవ్వరూ ఉండకూడదండీ తాతగారూ!" అంటూ ఆ అమ్మాయి రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది.

బరువైన తలుపు మూసుకుంది. బల్ల మీద కామరాజు గారు ఒక్కరే. లేచి పారిపోదామంటే మొహానికి బిగించిన తొడుగు లేవనివ్వలేదు. అంతలో స్పీకరు గరగరలాడింది.

"కామరాజు గారూ, నేనేనండీ! టీవీలో మీరు కనపడుతున్నారు. నేను ఊఁ అనేదాకా ఒక్క కిరణం కూడా..."

"తాతగారూ, ముందా మైకు బటన్ మీంచి వేలు తియ్యండి!" అంది అమ్మాయి గొంతు.

తొడుగు లోపల నవ్వాపుకుంటూ, కామరాజు గారు కదలకుండా పడుకున్నారు.