మామ్మగారికి పెట్టిన గులాబీ గిన్నెలు

ఈ బరువు మోయబట్టి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టడం కూడా మానేశాను. మా ఆయనకు చెప్పలేదు. పాస్టరుగారికి చెప్పలేదు. ప్రతి ఆదివారం అందరితో కలిసి మోకరించి మా పాపాలు క్షమించమని అడిగానే కానీ, ఫలానా పాపం అని విడదీసి ఏనాడూ అడగలేదు. అందరి పాపాల్లో మన పాపం కలిపేస్తే ఎవరు పట్టుకుంటారు? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పేర్లు మాత్రం అడగకండి.

ముందు నా గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. అది చెప్పకపోతే తప్పు ఎక్కడ పుట్టిందో మీకు అర్థం కాదు. డెబ్భైలలో, పటమటలో మేమున్న వీధిలో జామపళ్లతో జెల్లీ చేసేదాన్ని నేనొక్కదాన్నే. మా అమ్మ మిషను బంగళాలో వంటమనిషి. అక్కడి దొరసానమ్మ దగ్గర ఆమె నేర్చుకుంది. ఆమె దగ్గర నేను నేర్చుకుని ఇద్దరినీ మించిపోయాను. జామరసంలో గులాబీలు వేయాలని దొరసానమ్మకు తోచలేదు, మా అమ్మకూ తోచలేదు. అది నా బుర్రలో పుట్టింది. ఒకసారి మామిడిపండులో మల్లెపూలు కూడా వేసి చూశాను. తలనూనె తిన్నట్టుందని మా ఆయన బయటికి పోయి ఉమ్మి వచ్చారు. గులాబీ మాత్రం కుదిరింది.

పండిన జామలు సగం, దోరవి సగం తీసుకోవాలి. ఉడికించి, పాత మల్లుగుడ్డలో మూటగట్టి వేలాడదీయాలి. రసం దానంతట అదే బొట్టుబొట్టుగా దిగాలి. తొందరపడి పిండారో, జెల్లీ మబ్బుపట్టి చస్తుంది. నాటు గులాబీ రేకులకు మొదట్లో తెల్లగా ఉండే చోటు కత్తిరించేయాలి, అది చేదు. రేకుల్ని పంచదారతో నలిపి, మరుగుతున్న రసం దింపబోయే ముందు కలిపి నిమ్మకాయ పిండితే ఆ రంగు తిరగడం చూడాలి మీరు! చల్లటి పళ్లెంలో ఒక చుక్క వేసి వేలితో తోస్తే ముడత పడాలి. పడితే అయినట్టు. రేషను పంచదారంతా ఇందులోకే పోయేది. మా ఆయన రైల్వే డ్యూటీ నుంచి వచ్చి బెల్లం కాఫీ తాగేవారు పాపం, ఒక్క మాట అనేవారు కాదు.

ఆ జెల్లీ నింపడానికి చిన్న చిన్న గిన్నెల్లాంటి టార్టులు చేసేదాన్ని. దొరసానమ్మ వెళ్లిపోతూ మా అమ్మకిచ్చిన బుల్లి రేకు అచ్చులు పన్నెండు నా దగ్గరున్నాయి. మైదా కలిపి, పలచగా ఒత్తి, అచ్చుల్లో పరిచి, పెద్ద డేగిసా అడుగున ఇసుక పోసి, మూత మీద నిప్పులు వేసి కాల్చేదాన్ని. నోట్లో పెట్టుకుంటే పొడిపొడిగా కరిగిపోయేవి. ఆ కరగడం ఎక్కడినుంచి వస్తుందంటే, గుడ్డులోని పచ్చసొన నుంచి. గుడ్డు లేకపోతే గట్టిగా బిస్కెట్టులా అవుతుంది, లేదా అచ్చులోంచి తీసేటప్పుడు అంచు విరుగుతుంది. ఇది వాదన కాదు, చేసి చూసి చెబుతున్నాను.

మా గోడ పక్కింట్లో మామ్మగారు ఉండేవారు. పామర్రు దగ్గరి పల్లెనుంచి కొడుకు ఉద్యోగంతోపాటు వచ్చిన బ్రాహ్మణ వితంతువు. మడీ ఆచారమూ గట్టిగా ఉన్న మనిషి. బజారులో కాఫీ చుక్క ముట్టరు. ఉల్లిపాయ ఇంట్లోకి రానివ్వరు. క్రిస్మసుకు వీధిలో అందరిళ్లకూ కేకు ముక్కలు పంపేదాన్ని, ఆ ఇంటికి మాత్రం అరటిపళ్లు. ఆ ఇంటికి వండినది పంపకూడదని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మాది ఏ పేటో వాళ్లకు తెలుసు. ఆ పల్లెల్లో అలాంటి అగ్రహారం వీధుల్లోంచి చెప్పులు చేతబట్టుకుని నడిచిన మనిషి మా అమ్మ. నేను టీచరునైనా, ఇస్త్రీ చీర కట్టుకుని బడికి వెళ్లినా, అరటిపళ్లు పట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబడ్డప్పుడు ఒళ్లు మండేది. అది కూడా చెప్పాలి మీకు. చెప్పకపోతే ఇది సగం ఒప్పుకోలే అవుతుంది.

ఒకరోజు గులాబీ జెల్లీ ఉడుకుతుంటే మామ్మగారు గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. వాసన అలా ఉంటుంది మరి. ఏమిటని అడిగితే చెప్పాను. పండూ, పంచదారా, పువ్వే కదా అని తనకు తానే సర్ది చెప్పుకుని ఒక చెంచా అడిగి తిన్నారు. నా చేతిది తిన్నారు! ఆ రోజంతా బళ్లో పిల్లల్ని ఒక్క దెబ్బ కొట్టలేదు.

తర్వాత టార్టుల మీద కన్నుపడింది ఆవిడకు. గులాబీ గిన్నెలని పేరు కూడా తనే పెట్టారు. నీళ్లు తగలకుండా పాలతో కలిపి, నేతితో చేస్తే దోషం లేదని చెప్పారు. వాళ్లలో అలా ఒక వీలుంది. సరేనన్నాను. పాలతోనే కలిపాను. మా ఇంట్లో వెన్న కాచిన నెయ్యే వేశాను. పళ్లెం గోడమీద పెట్టాను. ఆవిడ ఒకటి తీసుకుని, నోటిదాకా తీసుకెళ్లి ఆగారు.

"గుడ్డూ గిడ్డూ ఏమన్నా వేశావుటే, టీచరమ్మా?"

"లేదండీ మామ్మగారూ. మీకోసం వేరేగా చేశాను."

అంతే. తడుముకోలేదు కూడా. వేరేగా చేసిన మాట నిజమే, పాలూ నెయ్యీ వరకు. పచ్చసొన మాత్రం అలవాటుగా వేసేశానా? కాదు. అలవాటు అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. చేతిలో గుడ్డు పట్టుకుని ఆగాను, ఆలోచించాను, కొట్టాను. ఆ ఇంటికి నా చేతినుంచి మొదటిసారి వెళ్లే పిండివంట గట్టిగా, అంచులు విరిగి వెళ్లడం నాకు ఇష్టం లేకపోయింది. వాళ్లు మెచ్చుకోవాలి. మెచ్చుకుని తీరాలి. ఆవిడ కళ్లు మూసుకుని నమిలి, "అబ్బ, ఎంత గుల్లగా ఉందే!" అన్నప్పుడు నా ఒళ్లు పొంగిపోయింది.

ఇంకొకటి. ఇది చెప్పడానికి ఇప్పుడు కూడా మనసొప్పటం లేదు. పొంగిన మనసులో ఒక మూల, మడి కట్టుకున్న మనిషి మా పేటవాళ్ల ఇంటి గుడ్డు తిన్నదన్న సంతోషం ఉంది. మా అమ్మ చేతిలోని చెప్పులకు నేను కక్ష తీర్చుకున్నట్టు. ఎవరి మీద? ఆచారాలన్నీ ఉండి కూడా, వాటిలో సందు వెతుక్కుని మరీ నా చేతిది తిన్న ఒకే ఒక్క మనిషి మీద. సందివ్వని వాళ్లను నేనేమీ చేయలేదు. నమ్మినావిడను మోసం చేశాను.

అది రెండేళ్లకు పైగా సాగింది. జామల కాలంలో వారానికోసారి. పెంకులు ఆవిడ కంటపడకుండా నలిపి గులాబీ మొక్కల మొదట్లో పూడ్చేదాన్ని. మధ్యలో ఒకసారి ఊరినుంచి మామ్మగారి ఆడపడుచు వచ్చింది. కిరస్తానీల ఇంటివి తింటున్నావా, అందులో గుడ్డు లేకుండా ఉంటుందా అని నిలదీసింది. నేను ఇవతల బట్టలు ఆరేస్తున్నాను. అన్నీ వినిపించాయి. మామ్మగారు గొంతు పెంచి, ఆ పిల్ల నా దగ్గర అబద్ధమాడదు, నా భర్త మీద ఒట్టేసి చెబుతాను అన్నారు. చచ్చిపోయిన భర్త మీద ఒట్టు! చేతిలోని తడి చీర తీగమీద వేశాను. అప్పుడే వెళ్లి చెప్పాల్సింది. వెళ్లలేదు. ఇంట్లోకి వచ్చి తలుపేసుకున్నాను.

ఆ మరుసటి ఏడు ఆవిడకు జ్వరం తగిలి మంచాన పడ్డారు. జ్వరం తగ్గింది కానీ నోరు చచ్చిపోయింది. గంజి కూడా తోసేసేవారు. కోడలు వచ్చి, "అత్తయ్యగారు ఏమీ తినటం లేదండీ. మీ గులాబీ గిన్నెలైతే తింటానంటున్నారు, కాస్త చేసి పెడతారా?" అని బతిమాలింది. ఆ ఒట్టు నా చెవుల్లో మోగుతూనే ఉంది. ఇంక చాలు అనుకున్నాను. ఈసారి నిజంగా గుడ్డు వేయను. ఇకమీదట ఎప్పుడూ వేయను. పాతది ఎలాగూ తుడిచేయలేను, కనీసం కొత్తది కలపకుండా ఉంటాను. ప్రార్థన చేసుకుని మరీ కలిపాను. నెయ్యి ఎక్కువ వేశాను, చన్నీళ్లలో గిన్నె పెట్టి పిండి చల్లబరిచాను, నాకు తెలిసిన విద్యంతా చూపించాను. పన్నెండులో ఐదు విరిగాయి. మిగిలినవి తీసుకుని వెళ్లాను.

ఆవిడ దిండుకు ఆనుకుని కూర్చున్నారు. ఒక ముక్క కొరికారు. నమిలారు, నమిలారు. సగం పళ్లెంలో పెట్టేశారు.

"ఇది నీ చెయ్యి కాదే."

"నేనే చేశానండీ."

"ఏమో తల్లీ. ఏదో తగ్గింది. పెద్దదాన్ని, నోరు చచ్చినదాన్ని, నాకే తెలుస్తోంది."

చెప్పడానికి అంతకన్నా మంచి అదను ఇంకెప్పుడొస్తుంది? ఏం తగ్గిందో నాకు తెలుసు. మంచం పక్కన మేమిద్దరమే ఉన్నాం. తగ్గింది ఇదండీ, ఇన్నాళ్లూ వేసింది ఇదండీ, నన్ను క్షమించండి అంటే అయిపోయేది. నేనేమన్నానో తెలుసా? "నెయ్యి బాగాలేదండీ మామ్మగారూ, రేపు మళ్లీ చేసి తెస్తాను" అన్నాను.

తెల్లవారి గుడ్డు కొట్టాను.

ఆకలితో ఉన్న మనిషి, ఏదో ఒకటి కడుపులో పడాలి కదా అని చాలాసార్లు సమర్థించుకున్నాను. బాగుంది సాకు. కానీ గుడ్డు కొట్టేటప్పుడు నా మనసులో ఆవిడ ఆకలి లేదు. ఇది నీ చెయ్యి కాదన్న మాట ఉంది. ఆ మాట నేను భరించలేకపోయాను. మొదటిసారి అబద్ధం తెలియనితనం అనుకోండి, కసి అనుకోండి. రెండోసారి తప్పని ఒప్పుకుని, దేవుడికి మాటిచ్చి, ఆ మాట ఒక్కరోజు కూడా నిలుపుకోకుండా చేశాను. మంచాన పడ్డ మనిషికి, మెప్పు కోసం.

రెండు తిన్నారు ఆ రోజు. మూడోది చేత్తో పట్టుకున్నారు. "ఇదిగో, ఇదీ నీ చెయ్యి. నిన్న ఎవరిదో" అన్నారు. నాకు గర్వంగా ఉంది. ఆ క్షణంలో సిగ్గు లేదు, భయం లేదు, గర్వమే. ఇది రాస్తున్నప్పుడు కూడా కొంచెం ఉంది. ఏం చేయను? ఆ గిన్నెలు నిజంగా బాగున్నాయి.

నెల తిరక్కుండానే ఆవిడ పోయారు. కర్మలన్నీ అయ్యాక కోడలు గోడ దగ్గరికి వచ్చి, చివర్లో ఇష్టంగా తిన్నది మీరు పెట్టిందే, మా ఆచారం కోసం అంత నిష్ఠగా చేసిపెట్టారు, మీ రుణం తీర్చుకోలేం అని రెండు చేతులూ జోడించింది. నేనూ చేతులు జోడించాను. ఇంకేం చేస్తాను! ఆ తర్వాత వాళ్లకు బదిలీ అయింది.

ఇప్పుడు మామ్మగారు ఆ గోడ దగ్గరికి వచ్చి మళ్లీ అడిగితే ఏం చేస్తానని నన్ను నేను అడుగుతూ ఉంటాను. వేశానండీ అంటాను. అంటే ఆవిడ తీసుకోరు. పళ్లెం నావైపు జరిపేస్తారు. అలా జరపడం ఆవిడ హక్కు. ఆవిడ నా చేతిది వద్దనే రోజు రాకూడదని, ఆ హక్కు నేను లాగేసుకున్నాను. ఆచారం మంచిదా చెడ్డదా అని మీరు వాదించవచ్చు, నేనూ వాదించగలను, టీచరును. కానీ ఆవిడ అడిగింది ఆచారం గురించి కాదు. నా మాట అడిగారు.

వేశానండీ మామ్మగారూ. ఆ ఒక్కరోజు తప్ప, ప్రతిసారీ వేశాను.