బర్రెలు లేని లెక్క

"ప్లగ్గు ఎక్కడుంది?" ఆ కంప్యూటర్ సారు మమ్మల్ని అడిగిన ప్రశ్న అదొక్కటే. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎల్లారెడ్డి దగ్గర మా ఊరి పాలకేంద్రంలో నేను పాలు కొలిచేదాన్ని. సాయంత్రం పాలు ఎందుకు తగ్గాయో కనిపెట్టమని కామారెడ్డిలోని డెయిరీ యజమాని ఆయన్ను హైదరాబాదు నుంచి పిలిపించాడు. వ్యాపారం లెక్కలు చూసి దారి చెప్పడమే ఆయన పనట. వచ్చాడు, కుర్చీ రెండుసార్లు తుడుచుకుని కూర్చున్నాడు, ప్లగ్గు అడిగాడు. కాసేపటికి వెంట వచ్చిన యజమానికి కంప్యూటర్లో ఎర్రగీతలు, పచ్చగీతలు చూపించి, "ఈ కేంద్రం మూసేయడమే మంచిది" అన్నాడు.

మా అత్త ఉండబట్టలేకపోయింది. "సారూ, ఈ నడుమ పాలబండి నాలుగు గొట్టంగనే వస్తున్నది. బర్లు అడివి నుంచి పొద్దుగూకేటప్పుడు ఇల్లు జేరుతయి. ఇగ పాలెట్ల పోస్తము?"

"అది నా డేటాలో లేదమ్మా" అన్నాడు తల ఎత్తకుండానే.

"బర్రె నీ డబ్బాలెట్లుంటది బిడ్డా? జర బయటికొచ్చి సూడు."

అందరూ నవ్వారు. యజమాని నవ్వలేదు. "సదువుకున్నోడు జెప్తుండు, నువ్వు ఊకో అవ్వా. వచ్చే వారం తాళమేద్దాం" అన్నాడు.

పొద్దుగూకుతుండగా సారు కారెక్కాడు. సరిగ్గా అప్పుడే మా బర్రెలు నిండు పొదుగులతో దారంతా ఎదురొచ్చాయి. ఆయన వెతకడానికొచ్చిన పాలన్నీ కారు ముందు నిలబడ్డాయి.

ఆయన అద్దం ఎక్కించుకుని, అవి తప్పుకునేదాకా హారన్ కొడుతూనే ఉన్నాడు.