వీపు మీద గుడ్లు, గుంటలో చేపపిల్లలు

మా వైపు కాలవల్లోనూ గుంటల్లోనూ ఉండే నీటి పురుగులకు వేరువేరు పేర్లు పెట్టే శ్రమ ఎవరూ తీసుకోలేదు. అన్నిటినీ కలిపి నీటి పురుగు అనేవారు. అరచెయ్యి పొడుగుండే పెద్దది ఒకటి. పనస గింజను అదిమి పల్చన చేసినట్టుండే చిన్నది ఇంకొకటి. రెండూ కరుస్తాయి. జనానికి ఆ మాత్రం తెలిస్తే సరిపోయేది.

పెద్దదానికి దీపమంటే పిచ్చి. వానాకాలం ఏ పందిట్లో పెట్రోమాక్సు లైటు వెలిగించినా, ఎక్కడి చెరువులోంచో లేచి, చిన్న పిట్టంత చప్పుడు చేసుకుంటూ వచ్చి గాజుకు తల బాదుకుని కింద పడేది. ఓసారి వినాయక చవితి పందిట్లో హరికథ చెబుతున్నారు. దాసుగారు అశోకవనంలో సీతమ్మవారి దుఃఖం వర్ణిస్తూ తానే కళ్ళు ఒత్తుకుంటున్నారు. పురుగు వచ్చి ఆయన మెడలో పూలదండ మీద వాలింది. చేత్తో తోసెయ్యబోయారు. అది ముక్కు దింపింది. దాసుగారు ఎగిరిన ఎగురుకి కాలి గజ్జెలు తెగి ముందు వరసలో పడ్డాయి. వెనకాల కూర్చున్నవాళ్ళు హనుమంతుడు వచ్చేశాడనుకుని చప్పట్లు కొట్టారు.

దాన్ని బొద్దింక అనేవాళ్ళున్నారు, పేడపురుగు అనేవాళ్ళున్నారు. రెండూ కాదు. పేడపురుగుకి నమిలే దవడలుంటాయి. వీపు మీది పెంకులు పాపిడి తీసినట్టు నడిమధ్యకు విడతాయి. దీనికి దవడలు లేవు, గడ్డం కింద మడిచి పెట్టుకున్న సూదిలాంటి ముక్కుంది. రెక్కలు పైట వేసినట్టు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడతాయి. ముందు కాళ్ళు పట్టుకారులా ముడుచుకుని ఉంటాయి. తోక కొసను నీటి పైకి పెట్టి గాలి పీలుస్తూ, తల కిందికి వేలాడేసి, ఎండుటాకులా కదలకుండా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే చచ్చినట్టు నటిస్తుంది. ఆ నటన నమ్మి నేను రెండుసార్లు వేలు వాచి తిరిగాను.

ఇదంతా నాకు పుస్తకాల వల్ల రాలేదు, నేను మా బాబాయి గుంట గట్టు మీద కాపలా కూర్చోవడం వల్ల వచ్చింది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త. నేను రాజమండ్రిలో బి.ఏ. పూర్తిచేశాను. ఉద్యోగానికి రమ్మని ఎవరూ పిలవకపోవడంతో, రాజోలు దగ్గర మా ఊళ్ళో తిండికి లోటు లేకుండా ఖాళీగా ఉన్నాను. బాబాయి కూడా ఖాళీయే. కాకపోతే ఆయనకి పెళ్ళయింది. అప్పటికే తమలపాకుల వ్యాపారం, అద్దె సైకిళ్ళ కొట్టు, ఒక నాటక సమాజం ఆయన చేతుల మీదుగా కన్నుమూశాయి. ఆ ఏడు పంచాయతీ చెరువు వేలంపాటకు వెళ్ళి, ఎవరూ పోటీకి రాకముందే చెయ్యెత్తి, చేపల పెంపకం మొదలుపెట్టాడు.

పిన్ని వాళ్ళ నాన్నగారిది మలికిపురం. కొబ్బరికాయల వ్యాపారం. గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి. సంగతి తెలిసి మర్నాడే వచ్చి, అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, ఎంతో మర్యాదగా ఉరిశిక్ష చదివారు.

"చెరువు పాడేరని విన్నానండి అల్లుడుగారూ. మంచి పనండి. దసరా దాకా చూద్దామండి. అప్పటికి చేపపిల్ల దక్కకపోతే నేనే బండి తోలించుకొచ్చి మిమ్మల్నందర్నీ తీసుకెళ్ళిపోతానండి. మా కొట్లో కుర్చీ ఒకటి ఎప్పణ్ణుంచో ఖాళీగానే ఉందండి, ఆయ్."

ఆ కుర్చీ పేరెత్తితే బాబాయి మొహం పాలిపోయేది. పిన్నికి ఇంకా భయం. "ఆ ఇంట్లో ముగ్గురు వదినలున్నారు. నాలుగోదాన్నై వాళ్ళ వెనకాల వంటింట్లో నిలబడలేను బాబూ," అని నాతో అనేది. మొగుడితో అనేది కాదు. అంటే ఆయన ఇంకో వ్యాపారం మొదలుపెడతాడని భయం.

చేపపిల్లల్ని తెచ్చి నేరుగా చెరువులో పొయ్యరు. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు ఏటి ఒడ్డువాళ్ళు వాటిని గుడ్డతో పట్టి, కుండల్లో పోసి, కావిళ్ళ మీద ఊళ్ళకి తెస్తారు. దారి పొడుగునా కుండ కుదుపుతూనే ఉండాలి, లేకపోతే ఊపిరాడక చస్తాయి. బొచ్చె, శీలావతి, ఏ రకం చేపయినా అప్పటికి జీలకర్ర గింజంతే. ముందు ఇంటి వెనక గుంటలో వేసి, తవుడు చల్లి, వేలెడంత అయ్యాక పెద్ద చెరువుకు మారుస్తారు. మా కొబ్బరి తోట మధ్యనున్న గుంటలో బాబాయి శ్రావణమాసంలో మొదటి కావిడి పోయించాడు.

కొన్నాళ్ళకే నీటి మీద తెల్లటి పొట్టు తేలడం మొదలైంది. బాబాయి అది తవుడనుకున్నాడు. చేతిలోకి తీసుకుంటే కళ్ళున్నాయి. లోపలంతా పీల్చేసిన చేపపిల్లల తోళ్ళు అవి.

బాబాయి మొదట లకుముకి పిట్టను అనుమానించాడు. తరవాత పక్కింటివాళ్ళ బాతుల్ని, ఆ తరవాత పక్కింటివాళ్ళ కళ్ళని. గుంట మీద దిష్టిబొమ్మ కట్టాడు. దాని తల మీద లకుముకి పిట్ట కూర్చుంది. చివరికి నన్ను కాపలా పెట్టాడు.

నేను చూసింది చెప్పాను. నీటి పురుగు ఎండుటాకులా వేలాడుతోంది. దగ్గరకొచ్చిన పిల్లను ముందు కాళ్ళతో కౌగిలించుకుంది. ముక్కు గుచ్చి నింపాదిగా పీల్చింది. పిల్ల మన కళ్ళ ముందే పల్చబడి పొట్టయింది. పురుగు దాన్ని వదిలి ఇంకో పిల్ల కోసం వేలాడింది.

పాత దోమతెరతో గుంట గాలించాం. గట్టు మీదికి వచ్చిన పురుగుల్ని బాబాయి చెప్పుతో నలుపుతుండగా మామ్మ వచ్చింది. మామ్మ అంటే నాయనమ్మ. ఇంట్లో ఆవిడ మాటకి అప్పీలు లేదు.

"అదేమిట్రా దాని వీపు మీద?" అంది.

చిన్న రకంలో కొన్నిటికి వీపు నిండా ముత్యాల్లాంటి గుడ్లు, జిగురుతో అంటించినట్టు వరసగా నిలబడి ఉన్నాయి.

"గుడ్లమ్మా," అన్నాడు బాబాయి, చెప్పు ఎత్తి పట్టుకుని.

"దించు చెప్పు. పిల్లల తల్లిరా అది. పిల్లల్ని మోసేదాన్ని మనింట్లో ముట్టుకోరు."

ఆ మాట నిజమే. ధాన్యం గాదెలో పిల్లి ఈనితే, కూనలు కళ్ళు తెరిచేదాకా పక్కింటి బియ్యం తిన్న ఇల్లు మాది.

"చేపను తినొచ్చుగానీ పురుగుని చంపకూడదా అమ్మా?"

"చేప దాని పిల్లల్ని వీపునేసుకుని తిరుగుతుందా? గుడ్లు పెట్టి దాని దారిన అది పోతుంది. అలాంటిదాన్ని తింటే పాపమేంటి?"

అలా మా గుంటలో ఒక చట్టం అమలులోకి వచ్చింది. ఉత్త వీపు పురుగులకు చెప్పుదెబ్బ. గుడ్లున్న వాటిని దోసిట్లో తీసుకుని, నెమ్మదిగా, పుట్టింటి నుంచి అత్తారింటికి పంపినట్టు మళ్ళీ గుంటలోకే వదలడం. కొన్నాళ్ళకి ఆ వీపుల మీది గుడ్లన్నీ పగిలి, చీమంత పురుగులు గుంట నిండా బిలబిలమన్నాయి. పుట్టినవి పుట్టినట్టే వేటకు దిగాయి. పోలాల అమావాస్య నాటికి గుంటలో పిల్లనేది లేదు.

మొదటి కావిడి పోయింది. ఎర్రనీళ్ళు తీసేలోగా ఇంకొక్క కావిడి దొరుకుతుందని ఏటి ఒడ్డువాళ్ళు కబురు చేశారు. అది కూడా పోతే మలికిపురం కుర్చీయే.

ఈలోగా నాకు ఒక సందేహం పట్టుకుంది. గుడ్లున్నవన్నీ తల్లులైతే తండ్రులెక్కడ? కిరాణా కొట్లో బిస్కట్లు పోసే గాజు సీసా ఒకటి అడిగి తెచ్చి, గుంట నీళ్ళు నింపి, చిన్న రకంలో ఉత్త వీపువి రెండు వేసి, తినడానికి తోకకప్పలిచ్చి వరండాలో పెట్టాను. మర్నాడు పొద్దున్నే వాటి కాపురం మొదలైంది. చూడ్డానికి అందరికంటే ముందు మామ్మ వచ్చింది, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఒక పురుగు రెండోదాని వీపెక్కి గుడ్లు అంటిస్తోంది. కాసిని పెట్టగానే కిందిది విదిలించి దాన్ని దింపేసి, మళ్ళీ జతకట్టి, ఆ తరవాతే తిరిగి ఎక్కనిస్తోంది.

"ఎవరి వీపు మీద ఎవరు పెడుతున్నార్రా?" అంది మామ్మ.

"పెళ్ళాం మొగుడి వీపు మీద పెడుతోంది మామ్మా. మోసేది మగాడు."

"మళ్ళీ మళ్ళీ ఆ వెధవపనేంటి మధ్యలో?"

"పిల్లలు తనవేనని నమ్మకం కుదిరాకే మోస్తాడేమో."

"తెలివైనవాడే," అంది మామ్మ, కళ్ళజోడు సర్దుకుంటూ.

బాబాయి ఆనందం పట్టలేకపోయాడు. "చూసేవా అమ్మా? తల్లి కాదు. ఇన్నాళ్ళూ మనం కాపాడింది మగాళ్ళని. ఇంక చెప్పు తియ్యొచ్చు."

మామ్మ ఆయన వైపు జాలిగా చూసింది.

"ఆడది మోస్తే వింతేముందిరా? ప్రపంచమంతా మోస్తోంది. మగాడు మోస్తున్నాడు, వాణ్ణి చంపుతావా? మీ నాన్న అంతమందిని కన్నారు. పంచె తడుస్తుందని ఒక్కణ్ణి ఎత్తుకున్నారా? చావిట్లో కూచుని, ఆ ఏడుపు ఆపించండర్రా అని కేకేసేవారు. నువ్వు మాత్రం? నీ కూతుర్ని ఎప్పుడు చంకనేసుకున్నావో చెప్పు, ఈ పురుగుని నేనే చంపుతాను."

మా చట్టం ఇంకా బిగిసింది.

ఆఖరి ప్రయత్నంగా బాబాయి పురోహితులుగారిని పిలిపించాడు. ఆయన సీసా చుట్టూ ఒకసారి తిరిగి, కాఫీ తాగి, "తల్లయితే ఏదో ఒకటి చెప్పగలనండి," అన్నారు. "తండ్రయితే పితృహత్య కింద చూడాలి. చూద్దామంటే దీనికి గోత్రం లేదు. గోత్రం లేనిదానికి దోషం ఎలా కట్టనండి? కట్టనిదాన్ని లేదని ఎలా చెప్పనండి?" అని అరటిపళ్ళు పుచ్చుకుని వెళ్ళిపోయారు.

అప్పణ్ణుంచి సీసాలో మొగుడు పురుగు చేసే చాకిరీ చూడ్డం మా ఇంట్లో కాలక్షేపమైంది. గుడ్లకు గాలి తగలడానికి పైకి వచ్చి గుంజీలు తీసినట్టు ఊగేవాడు. వెనక కాళ్ళతో వాటిని నిమిరేవాడు. మామ్మ ఆ పక్కనే కూర్చుని వత్తులు చేసుకుంటూ, అటుగా వెళ్ళే మగాళ్ళందరినీ పిలిచి చూపించేది.

ఒకరోజు పిన్ని అక్కడే కూర్చుని తలకి కొబ్బరినూనె రాసుకుంటోంది. ఆ నూనె వాళ్ళ నాన్నగారు మలికిపురం నుంచి డబ్బాలతో పంపేది. కూతురు వచ్చి మీద పడటంతో చేతిలో గిన్నె ఒరిగి కాస్త నూనె సీసాలో ఒలికింది. పురుగు గాలి కోసం పైకి వచ్చి తోక కొస పెట్టింది. నూనె అంటి జారిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ జారింది. మధ్యాహ్నానికి రెండు పురుగులూ అడుగున పడి ఉన్నాయి. ఈసారి నటన కాదు.

"అయ్యో, పోయేడా?" అంది మామ్మ.

పిన్ని వంగి, నీటి మీది నూనె పొరని వేలితో కదిపి చూసింది. తరవాత గుంట వైపు చూసింది.

కావిడి రావడానికి ముందువారం, గాలి లేని పొద్దున్న, బాబాయి నూనె డబ్బా పట్టుకుని గుంట గట్టున నిలబడ్డాడు. పక్కన బాల్చీలో, నూనె పల్చగా పరుచుకోవడానికి పిన్ని బట్టలసబ్బు తరిగి కలిపిన నీళ్ళున్నాయి. మామ్మ కొబ్బరిచెట్టు మొదట్లో కర్ర ఆనించుకుని నిలబడింది. కాదనలేదు, అవుననలేదు. బాబాయి డబ్బా వంచుతాడు, మామ్మ వైపు చూస్తాడు, మళ్ళీ ఎత్తుతాడు. అలా ఎండెక్కేలా ఉంది.

"ఇలా ఇవ్వండి," అని పిన్ని డబ్బా అందుకుంది.

"నువ్వా పోసేది, కోడలుపిల్లా?" అంది మామ్మ.

"మీ అబ్బాయిగారు పొయ్యలేరండి అత్తయ్యగారూ. ఈ పాపం నా పేర రాయించండి. మా వదినల వెనకాల నిలబడ్డం కన్నా ఇదే తేలికండి."

బాల్చీలో నూనె కలిపి, గట్టు చుట్టూ తిరుగుతూ చెంబుతో చల్లింది. నేను కొబ్బరిమట్టతో నీళ్ళు కొట్టాను. పల్చటి పొర గుంటంతా పరుచుకుంది. పిన్ని చెంబు కింద పెట్టాక మామ్మ కర్ర ఎత్తి చూపించింది.

"ఆ మూల పడలేదమ్మా. తూటాకుల కింద. అక్కడే ఎక్కువుంటారు."

సాయంత్రానికి నీటి మీద పురుగులు తేలాయి, గుడ్లున్నవీ లేనివీ. దోమతెరతో తీసి దూరంగా పాతిపెట్టాం. నూనె పొర విరిగి నీళ్ళు తేరుకున్నాక కావిడి వచ్చింది. మర్నాటి నుంచి బాబాయి తెల్లారగానే గట్టు మీద బోర్లా పడుకుని పొట్టు కోసం వెతికేవాడు. తవుడు తప్ప ఏమీ కనపడలేదు. కొన్నాళ్ళకి తవుడు చల్లినచోట నీళ్ళు చినుకులు పడ్డట్టు కదలడం మొదలెట్టాయి.

విజయదశమి వెళ్ళిన మర్నాడు పిన్ని వాళ్ళ నాన్నగారు అన్నమాట ప్రకారం బండి తోలించుకుని వచ్చారు. పెట్టెలు కదలకుండా కట్టడానికి కొబ్బరి తాళ్ళు కూడా తెచ్చుకున్నారు. బాబాయి ఆయన్ని ఏమీ అడగనివ్వకుండా గుంట దగ్గరికి తీసుకెళ్ళి గుప్పెడు తవుడు చల్లాడు. నీళ్ళు ఒక్కసారి మరిగినట్టయ్యాయి. ఆయన గట్టు మీద గొంతుక్కూర్చున్నారు. ఒక గుప్పెడు తవుడు అడిగి తాను కూడా చల్లారు.

"దక్కేయండి," అన్నారు చివరికి, కొంచెం దిగులుగా. "అయితే నేను బయల్దేరతానండి."

"భోంచేసి వెళ్దురుగాని మావయ్యగారూ," అన్నాడు బాబాయి.

"ఆయ్. చేపలాండీ?"

"ఇంకా వేలెడంతేనండి. వంకాయండి."

ఆయన వంకాయకూర మారు వేయించుకుని తిన్నారు. కూతురు గడపలో నిలబడి చూస్తుండగా, తాళ్ళు చుట్టి పక్కన పెట్టుకుని, ఖాళీ బండిలో మలికిపురం వెళ్ళిపోయారు.