పద్మ అడిగిన టార్గెట్

ఈ రోజు పొద్దున మా చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో కాటా చీటీలు ఇచ్చే కొత్త ప్రోగ్రామ్ తెరుచుకోలేదు. గేటు బయట పత్తి లారీలు ఒకటే హారన్లు. గేటుకీ కంప్యూటర్‌కీ మధ్య నాలుగుసార్లు తిరిగి, ఆ ప్రోగ్రామ్ రాసిన మా అన్న కూతురు పద్మకు ఫోన్ చేశాను.

"మీ కంప్యూటర్‌లో ఈ ప్రోగ్రామ్‌ని నడిపే జావా పాతది బాబాయ్. దానికి తగ్గట్టు మళ్ళీ కంపైల్ చేస్తా. టార్గెట్ ఎంత పెట్టమంటావ్?"

"రోజుకి నూట యాభై బేళ్ళమ్మా."

"అయ్యో రామా! బేళ్ళు ఎవరడిగారు? జావా ఎన్నో వెర్షనో చూసి చెప్పు."

వెతికి వెతికి 1.4 అని చదివాను. ప్రోగ్రామ్‌ని ఎలా తయారుచేయాలో రాసుండే బిల్డ్ ఫైలులో టార్గెట్ దగ్గర పద్మ ఆ అంకె వేసి, మళ్ళీ తయారుచేసి మెయిల్‌లో పంపింది. చీటీ వచ్చింది, లారీ కదిలింది.

పాత కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చెప్పడానికి ఒక్క అంకె చాలిందట. ఆ ఫైలులో నాబోటివాళ్ళ కోసం కూడా ఒక అంకె ఉందేమో, తెలిసినవాళ్ళు చెప్పండి.