చిన్నమ్మను పక్కకు తిప్పిన రోజు

నా చిన్నప్పుడు తాండూరు నుంచి వికారాబాద్ పోయే ప్యాసింజరు బండిలో జరిగిన సంగతి ఇది. ఇన్నేళ్లకు రాసిపెట్టడానికి కారణం ఉంది. మొన్న కొడంగల్ బస్సులో ఒకాయనకు మూర్ఛ వస్తే జనం ఇనుప తాళంచెవుల కోసం వెతికారు. చేతుల్లో అంతంత ఫోన్లు ఉన్నా తెలియడం లేదంటే, తెలిసినవాళ్లు రాయక తప్పదు.

మా అమ్మ చెల్లెలికి, మా చిన్నమ్మకు, చిన్నతనం నుంచీ మూర్ఛ ఉండేది. డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు రోజూ వేసుకున్నా ఎప్పుడో ఒకసారి వచ్చేది. జబ్బు ఉండేది కాసేపే, దాని కాపలా మాత్రం రోజంతా. పొయ్యి దగ్గరికి పోనివ్వరు, బావి దగ్గరికి పోనివ్వరు, పెళ్లిళ్లకు తీసుకుపోరు. ఆమె కుట్టుపని చూసి వికారాబాద్‌లో ఒక టైలరమ్మ పనికి రమ్మంది. మా తాతయ్య చాలాకాలం వద్దని, చివరికి షరతు మీద ఒప్పుకున్నాడు. సెలవులయ్యేదాకా నేను తోడు పోవాలి. దారిలో ఒక్కసారి జబ్బు వచ్చినా పని మానెయ్యాలి.

అంతకు కొన్నాళ్ల ముందు నుంచే చిన్నమ్మ నాతో ఒక ఆట ఆడేది. చాప మీద బిగుసుకొని పడుకునేది. నేను ఆమెను ఒక పక్కకు తిప్పాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, చుట్టూ ఉన్న గిన్నెలూ చెంబులూ జరపాలి. నా చెయ్యి నోటి దగ్గరికి పోతే ఉత్తుత్తిగా కొరికేది. "నోట్లె ఏం పెట్టొద్దే!" అని నవ్వేది. నేనూ పడీ పడీ నవ్వేదాన్ని.

అలా పనికి పోతున్న ఒకరోజు ఉదయం బండి తాండూరు దాటి కొంత దూరం వచ్చింది. చిన్నమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. కళ్లు పైకి పోయాయి. ఒళ్లు కట్టెలా బిగుసుకుని సీటు మీద నుంచి కిందికి జారింది. కాళ్లూ చేతులూ కొట్టుకోసాగాయి.

పెట్టెలో జనమంతా మా మీదికి వచ్చారు. నాకు కాళ్లు తప్ప ఏమీ కనబడలేదు.

"తాళంచెవులు పెట్టుండ్రి చేతిల!"

"చెప్పు వాసన సూపియ్యుండ్రి, జల్ది!"

ఒకాయన ఆమె పళ్ల మధ్య పెట్టడానికి దువ్వెన తీశాడు. అది ఆట కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను. "నోట్లె ఏం పెట్టొద్దు! మా చిన్నమ్మ చెప్పింది!"

"గింతంత పోరి, మనకే చెప్తది సూడు. పాణం పోతుంటే ఊకుండాల్నా?"

నిజంగానే పోతే? నా మాట విన్నందుకే పోతే? అయినా చెయ్యి వదల్లేదు.

మూల నుంచి ఒక ముసలి గొర్రెల కాపరి లేచాడు. "ఓ సేటూ, జర ఆగు. పోరి ఎరికుండే చెప్తున్నది. ఏం జెయ్యాల్నో నువ్వే చెప్పు బిడ్డా."

చెప్పాను. ఇద్దరం కలిసి చిన్నమ్మను పక్కకు తిప్పాం. ఆయన తన గొంగడి మడిచి తల కింద పెట్టాడు. కర్రను అడ్డంగా పట్టి జనాన్ని వెనక్కి జరిపాడు. నోట్లోని నురగ పక్కనుంచి కారిపోయింది. కొట్టుకోవడం నెమ్మదించింది. ఉన్నట్టుండి పెద్ద చప్పుడుతో ఊపిరి వచ్చింది. అప్పుడు ఏడ్చాను.

ధారూర్‌లో బండి ఆగేసరికి ఆమె అయోమయంగా లేచి కూర్చుంది. దిగి ఇంటికి తిరిగిపొమ్మని అందరూ చెప్పారు. "వికారాబాద్‌ల దిగుతం," అంది, కొరుక్కున్న నాలుకతోనే. ఆ పూట టైలరమ్మ దుకాణంలో ఒక మూల నిద్రపోయింది, లేచాక కుట్టింది.

సాయంత్రం తాతయ్య వాకిట్లోనే అడిగాడు, దారిలో ఏమైనా అయిందా అని. నేను లేదనబోయాను. చిన్నమ్మ నా చెయ్యి నొక్కింది.

"అయింది నాయినా. బండ్లనే అయింది. పోరి సూసుకుంది. పని గూడ చేసొచ్చిన. రేపు మల్ల పోత."

తాతయ్య ఆమెను చెయ్యి పట్టి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "వస్తే ఏం జెయ్యాల్నో నాకు గూడ నేర్పియ్యి బిడ్డా," అన్నాడు. అన్నేళ్లలో ఆ మాట ఆయన ఆమెను అడగడం అదే మొదలు.

పెద్దయ్యాక తాండూరు గ్రంథాలయంలో నరాల జబ్బుల పుస్తకం కనబడితే నిలబడే చదివాను. చిన్నమ్మ నేర్పిందే అందులో ఉంది. ఆమెకు నేర్పిన డాక్టరమ్మకు, పనిలో ఉంచుకున్న టైలరమ్మకు, పేరైనా అడగలేకపోయిన ఆ గొర్రెల కాపరి తాతకు, అందరికంటే ముందు మా చిన్నమ్మకు నా దండాలు.

ఇప్పుడు మా వీధిలో షుగరో ఆయాసమో ఉన్నవాళ్ల ఇంటికి పోతే, చదివిందంతా చెప్పాలని నాలుక దురద పెడుతుంది. ఆపుకుంటాను. నీకేం కావాలో, నేనేం చెయ్యాలో చెప్పమని ముందు వాళ్లనే అడుగుతాను.