మేం అలికిన గోల్ఫు దిబ్బ

మాది కొల్లేటి ఒడ్డున చిన్న ఊరు. ఎక్కడ కాలు పెట్టినా చెమ్మే. ఆ పల్లంలో మెరక అంటే ఒక్క పాటిదిబ్బే. ఎప్పుడో రాజులు ఏలిన చోటట. గునపం వేస్తే జానెడు మందాన ఇటుకలు బయటపడతాయి. ఏలూరు నుంచి పెద్దమనుషులు వచ్చి ఆ ఇటుకలు చూసి, తలలూపి పోతుండేవారు. నాకు రాజులతో ఏం పని? ఆ దిబ్బ మీద చేపలు ఎండుతాయి, నాకు కావలసింది అదే.

మా ఆయన పోయాక నేను బతికింది ఎండుచేపల మీద. వేసవిలో కొల్లేరు ఇంకితే పరిగె చేపలు గంపలకొద్దీ పడతాయి. పట్టిన పూటే ఎండలో పరవాలి, లేకపోతే కుళ్ళిపోతాయి. పరవడానికి పొడినేల కావాలి. ఆ పొడినేల మీద తెల్లదొరల కన్ను పడింది.

ఒకనాడు తలారి డప్పు కొట్టుకుంటూ వచ్చాడు. పాటిదిబ్బ మీద గోల్ఫాట పెడుతున్నారు, అది పబ్లిక్ ఆట, ఎవరైనా ఆడుకోవచ్చు అని చాటాడు. కర్రతో బంతిని కొట్టి గుంటలో వేయడమేనట ఆట. అందరిదీ అంటే మనదీనూ అనుకున్నాం. వాళ్ళు దిబ్బంతా సీమగడ్డి నాటించారు. పొద్దస్తమానం నీళ్ళు పోయించారు. మా ఎండకు ఆ గడ్డి బతకలేదు, ఆ తడికి నాకు పొడినేలా మిగల్లేదు.

గడ్డి మాడిపోయాక మరో ఆలోచన చేశారు. బంతి పడే గుంట చుట్టూ నేలను గుండ్రంగా చదును చేసి, పేడతో అలికిస్తే బంతి నున్నగా దొర్లుతుందట. ఆ అలుకుడు మా ఆడవాళ్ళ నెత్తిన పడింది. మునసబు ఇంటింటికీ వంతు వేశాడు. కూలి ఊసే లేదు. పేడ మాది, మోసుకొచ్చిన నీళ్ళు మావి, విరిగిన నడుములు మావి. ఆట వాళ్ళది.

అలికి ఆరిన నేల కనబడితే మా వైపు ఆడదాని చేతులు ఊరుకోవు. ధాన్యమో, మిరపకాయలో, ఏదో ఒకటి పరుస్తుంది. నేల అలికేది అందుకే గదా! నా వంతు నాడు తెల్లవారుతూనే వెళ్ళి అలికాను. ఆ పూటే నాకు పరిగెలు దండిగా దొరికాయి. మాడు పగిలే ఎండ కాస్తోంది, దిబ్బ మీద నరపురుగు లేదు. తెచ్చి పరిచాను. నాతో పాటు మా తోడికోడలూ వచ్చి కూర్చుంది, కాకుల్ని తోలడానికి.

ఎండ వాలుతుండగా కారు వచ్చింది. దొర దిగాడు. అతని వెనకే ఏలూరి ప్లీడరు ఒకాయన, మన తెలుగాయనే. దొర జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. అరిచిందంతా మన ప్లీడరే.

"ఎవర్తివే నువ్వు? తియ్యి ఈ కంపు!"

"తీస్తానండీ. ఇంకాసేపు ఎండ తగలనివ్వండి, గంపలకెత్తుకుంటాను."

"ఇది పబ్లిక్ స్థలం. నీ పెరడనుకున్నావా?"

"పబ్లిక్ అంటే ఏంటండీ బాబూ?"

"అందరిదీ అని."

"మరి నన్ను అందరిలోంచి ఎప్పుడు తీసేశారండీ?"

మా తోడికోడలు కిసుక్కున నవ్వింది. "అక్కా, ఆ బంతికి కూడా ఉప్పు పట్టించి ఎండబెట్టు" అంది. ప్లీడరు మొహం కందగడ్డ అయింది.

"ఆడేవాళ్ళకే అందరిదీ!" అన్నాడు.

"అయితే ఆ కర్ర ఇటివ్వండి, నేనాడతాను. మీరు నా గంప మొయ్యండి."

ఇంతలో మునసబు పంచె ఎగగట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "విధవముండవి, పెద్దోళ్ళకి ఎదురొచ్చిందే కాక నోరు కూడానా?"

"ఎదురొచ్చింది వాళ్ళండీ మునసబుగారూ. నేను మధ్యాహ్నం నుంచీ ఇక్కడే ఉన్నాను."

అంతే, తలారిని పిలిచి చీపురు చేతికిచ్చాడు. సగం ఎండిన పరిగెలన్నీ దిబ్బ కిందున్న బోదె కాలవలోకి ఊడ్పించాడు. నీళ్ళలోకి దిగి చేతులతో దేవుకున్నాను. తడిసిన చేప మళ్ళీ ఎండదు, బురద పట్టింది అసలే ఎండదు. ఆ వేసవి నా తిండి ఆ బోదెలో కలిసింది. పైన దిబ్బ మీద దొర ఆట మొదలుపెట్టాడు. బంతి గుంటలో పడ్డప్పుడల్లా ప్లీడరు చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. నేను చెబుతుంటే రాసుకుంటున్న బాబూ, ఈ మాట మెత్తబరచకుండా ఇలాగే రాయి.

మర్నాటి నుంచి మా ఊళ్ళో పేడ దొరకలేదు. గేదె పేడ వేయడం ఆలస్యం, ఆడవాళ్ళం పిడకలు కొట్టేసేవాళ్ళం. తలారి వచ్చి అడిగితే గోడల నిండా ఉన్న పిడకలు చూపించేవాళ్ళం. మునసబు తిట్టాడు, బెదిరించాడు. పిడకను మళ్ళీ పేడ చెయ్యడం ఆయనకూ రాదు గదా! దిబ్బ మీద నేల నెర్రెలిచ్చింది. బంతి ఎటు పడితే అటు ఎగిరిందట. మేం గెలిచామనుకుని ఎంత మురిసిపోయామో!

దొరకు మా పేడతో పనేమిటి? బళ్ళ మీద ఇసుక తోలించి, నూనె కలిపించి గుంటల చుట్టూ పరిపించాడు. మా అవసరం తీరిపోయింది. దిబ్బ చుట్టూ ముళ్ళకంచె వేశారు. కావలివాణ్ణి పెట్టారు. పబ్లిక్ అని రాసిన బోర్డు మాత్రం అలాగే ఉంచారు.

ఇప్పుడు నేను భీమడోలు పోయే రోడ్డు పక్కన చేపలు ఎండబెడుతున్నాను. బండి పోయినా, బస్సు పోయినా దుమ్మంతా వాటి మీదే. సంతలో నోట్లో వేసుకున్నవాడల్లా తుపుక్కున ఊసి, "ఇసుక అమ్ముతున్నావా ముసలిదానా?" అంటున్నాడు. అవునయ్యా, ఇసుకే. ఎందుకొచ్చిందో నన్ను కాదు, వెళ్ళి ఆ దిబ్బ మీద బంతులు దొర్లించేవాళ్ళను అడగండి. పబ్లిక్కేగా, మిమ్మల్ని లోపలికి రానిస్తారేమో చూడండి.