బట్టల కొట్టు బల్ల మీద సోడా ప్రెస్

మూడు వేలు చెప్పిన బల్లను పద్నాలుగు వందలకు కొట్టుకొచ్చిన మొనగాణ్ణి నేను. కొత్తపేటలో మూసేస్తున్న ఒక బట్టల కొట్టు కౌంటరు అది. అసలైన టేకు. షావుకారుగారు రెండు వేలకు దిగగానే నేను కొట్టు మెట్లు దిగి నడక మొదలుపెట్టాను. ఆయనే వెనక్కి పిలిచారు. తాత కొట్లో, నాన్న కొట్లో పెరిగినవాణ్ణి, మెట్లు ఎప్పుడు దిగాలో ఆమాత్రం తెలియదా?

ఆ బల్ల మా సోడా సీసాలకు మూతలు బిగించే ప్రెస్ కోసం. అది చేత్తో లాగేది. గ్యాసు పట్టిన సీసాను దాని కింద నిలబెట్టి, మూత పెట్టి, పొడవాటి పిడిని బలంగా కిందికి దించాలి. పి.గన్నవరంలో మా ఇంటి ముందరి రేకుల షెడ్డులో గ్యాసు పట్టడం నా పని, మూత బిగించడం మా ఆవిడ పని.

ప్రెస్ బిగించడానికి వచ్చిన వడ్రంగి మేస్త్రిగారు ముందు బల్లను, తరవాత మా ఆవిడను చూశారు.

"పిడి ఎవరు దించుతారండీ?"

"మా ఆవిడేనండి."

"అయితే బల్ల కాళ్లు తొమ్మిదంగుళాలు కోసేయాలండి. పిడి దించేసరికి మోచెయ్యి నడుం దగ్గరికి రావాలి. సీసా మెడ గుండెకి కిందుండాలి. ఇప్పుడు చూడండి, అమ్మగారి మొహానికి ఎదురుగా ఉంది."

మా కొట్లవాళ్లలో గల్లాపెట్టె కూర్చున్న బల్లకు రంపం తగలనివ్వరు. వ్యాపారం తెగిపోతుందని భయం. నాకు వాటి మీద నమ్మకం లేదంటూనే నమ్ముతాను.

"బల్ల జోలికి వెళ్లొద్దండి. ఆవిడ్నే కాస్త పైకి లేపుదాం," అన్నాను.

"ఆయ్, మీ ఇష్టమండి," అంటూ ఆయన రంపాన్ని సంచిలో పెట్టేసుకున్నారు.

ఖాళీ సోడా ట్రే ఒకటి బోర్లించాను. మా ఆవిడ ఎక్కి నిలబడింది.

"ఏవండీ, ఇది ఊగుతోంది."

"ఉయ్యాల అనుకో."

"అయితే మీరెక్కి ఊగండి, నేను కింద నించుని చూస్తాను."

నవ్వేశాను. కానీ ఆ రోజు నుంచీ భయం పట్టుకుంది. సీసా సీసాకూ ట్రే కిర్రుమనేది. గ్యాసు పడుతున్నా నా చెవులు అక్కడే. తలెత్తితే ఆవిడ ముక్కుకూ సీసా మెడకూ మధ్య జానెడు దూరం. ఒకసారి గ్యాసు ఎక్కువై పగిలిన సీసా ముక్క షెడ్డు రాటలో దిగబడి ఉండటం నేను కళ్లారా చూశాను. అయినా మేస్త్రిగారికి ఫోను చెయ్యలేదు. రోజూ పొద్దున్నే ట్రేను కాలితో నొక్కి చూసి, దాని కింద గోనెసంచి మడత సర్దేవాణ్ణి.

"భయమైతే కోయించెయ్యచ్చు కదండీ?" అంది మా ఆవిడ.

"భయమెవరికి?" అన్నాను. వెంటనే ట్రే కింద ఇంకో గోనెసంచి మడత దోపాను.

పదో రోజో, పదకొండో రోజో. పొద్దుటిపూట, నేలంతా తడి. కిర్రుమన్న చప్పుడు ఆగకుండా సాగింది. తిరిగి చూసేసరికి ట్రే ఆవిడ కాళ్ల కింద లేదు. ఒంటి బరువంతా వేసి పిడిని పట్టుకు వేలాడుతోంది. సీసా పేలింది.

ఆవిడ కింద కూర్చుని ఉంది. ఎడమ కంటి మీద అరచెయ్యి, వేళ్ల సందుల్లోంచి రక్తం.

"చెయ్యి తియ్యి. ఏదీ, కన్ను తెరువు."

చెయ్యి తీసింది. "తెరిచే ఉందండీ," అంది.

ఆటోలో అమలాపురం తీసుకెళ్లాను. స్పీడు బ్రేకరు వస్తే నెమ్మదిగా అన్నాను, దాటగానే తొందరగా అన్నాను. కంటి ఆస్పత్రిలో ఏ కాగితం పెడితే దాని మీద సంతకం చేశాను. దేనికెంత అని ఒక్కసారీ అడగలేదు. రెప్ప తెగింది, నల్లగుడ్డు మీద గీత పడింది, రేపు కట్టు విప్పితేగానీ చూపు సంగతి చెప్పలేం అన్నారు డాక్టరుగారు.

మర్నాడు కట్టు విప్పి, కుడి కన్ను మూసి, వేళ్లు చూపించారు. ఆ వేళ్లు నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ఆవిడ కన్ను చికిలించింది. మళ్లీ లెక్కపెట్టాను.

"మూడండి," అంది చివరికి. మూడే. తరవాత నా వైపు తిరిగి, "ఏంటండీ, ఆ గడ్డం?" అంది. నేను బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

ఆ వారమే మేస్త్రిగారు వచ్చి తొమ్మిదంగుళాలు కోసేశారు. మా ఆవిడ నేల మీద నిలబడి పిడి దించితే మోచెయ్యి సరిగ్గా నడుం దగ్గర ఆగింది. ఇప్పటికీ ఆవిడ మూత బిగించేటప్పుడు నేను గ్యాసు కట్టేసి చూస్తుంటాను.

ఇక అసలు లెక్క. బల్ల పద్నాలుగు వందలు. ఆస్పత్రి పదకొండు వేల రెండు వందలు. మందులు పద్దెనిమిది వందల యాభై. ఆటోలు ఏడు వందలు. కాళ్లు కోసి, ప్రెస్ మళ్లీ బిగించినందుకు నాలుగు వందలు. సీసా చుట్టూ ఇనుప జాలీ, కంటికి అద్దాలు ఆరు వందల యాభై. ఇందులోంచి బేరంలో మిగిలిన పదహారు వందలు తీసెయ్యబోయాను. మా ఆవిడ నా కలం పట్టుకుంది.

"అవెక్కడున్నాయండీ?"

తియ్యలేదు. మొత్తం పదహారు వేల రెండు వందలు.